రొమాంటిక్ కాలపు (19వ శతాబ్దపు) పియానో పీస్ మొదటిసారి నేర్చుకోవాలి, దేనితో మొదలుపెట్టాలి?

కొత్తమెట్లు:

నమస్కారం అండీ. ట్రినిటీ ఎలక్ట్రానిక్ కీబోర్డ్ గ్రేడ్ 4 దాకా 61 కీల కీబోర్డు మీద నేర్చుకుని, ఇప్పుడు 88 వెయిటెడ్ కీలున్న డిజిటల్ పియానోకి మారాను. రెండు క్లెఫ్‌లూ చదవగలను గానీ బాస్ క్లెఫ్ (కింది స్వరాలు రాసే గీతలు) నెమ్మది. కుడిచేత్తో నాలుగు షార్ప్‌ల దాకా స్కేళ్ళు ఇబ్బంది లేదు. ఎడమచేతికి మాత్రం ఇన్నాళ్ళూ స్టైల్ (కీబోర్డే పక్కవాద్యం వాయించే ఆటో అకంపనిమెంట్) ఆన్ చేసి కార్డ్ (కలిపి నొక్కే స్వరాల గుంపు) పట్టుకుని కూర్చోవడమే పని. వేళ్ళు చాపితే ఆక్టేవ్ (ఎనిమిది తెల్ల కీల వెడల్పు) అంచుల్లో అందుతుంది, అంతకు మించి అందదు. రోజుకి 40 నిమిషాలు కుదురుతుంది.

నేను రాసుకున్న జాబితా ఇది: షోపాన్ "స్ప్రింగ్ వాల్ట్జ్", షోపాన్ నాక్టర్న్ ఓపస్ (రచన సంఖ్య) 9 నం. 2, షూమన్ "ట్రాయ్‌మెరాయ్", షోపాన్ ఇ మైనర్ ప్రెల్యూడ్. వీటిలో ఏది ముందు? వీడియోల్లో నాలుగింటినీ "బిగినర్స్ కోసం" అనే పెడుతున్నారు. పరీక్ష కోసం కాదు, సొంతానికే. సులువు చేసి రాసిన అరేంజ్‌మెంట్లు వద్దు, స్వరకర్త రాసింది రాసినట్టే వాయించాలని ఉంది. జాబితాలో లేనివి చెప్పినా సరే.

ఎడమవాటం:

ముందు జాబితాలోంచి మూడు కొట్టేద్దాం.

"స్ప్రింగ్ వాల్ట్జ్" షోపాన్ రాసింది కాదు. దాని అసలు పేరు "మారియాజ్ దామూర్", 1970లలో పాల్ ద సెన్నవిల్ రాస్తే రిచర్డ్ క్లేడర్‌మన్ వాయించాడు. యూట్యూబ్‌లో ఎవరో షోపాన్ పేరు తగిలించారు, అది అలాగే తిరుగుతోంది. వినడానికి బాగుంటే వాయించుకోండి, తప్పేం లేదు. కాకపోతే మీరు అడిగిన కోవలోకి రాదు.

ఓపస్ 9 నం. 2 నాక్టర్న్ 12/8 తాళంలో ఉంటుంది. ఎడమచెయ్యి ప్రతి బీట్‌కీ కింద ఒక బాస్ స్వరం కొట్టి, పైకి దూకి రెండు కార్డ్‌లు వాయించాలి. అంటే బార్‌కి (ఒక్క తాళపు చుట్టుకి) నాలుగు దూకుళ్ళు, పాట పొడుగునా. కుడిచేతిలో అదే రాగం తిరిగొచ్చిన ప్రతిసారీ అలంకారాలు పెరుగుతాయి, చివర్లో లెక్కకి అందని చిన్న నోట్ల పరుగు ఒకటి ఉంది. స్టైల్ మోడ్‌లో పెరిగిన ఎడమచేతికి ఇది మొదటి మెట్టు కాదు.

ట్రాయ్‌మెరాయ్ ఒక్క పేజీయే, పైగా నెమ్మది, అందుకే అందరూ మోసపోతారు. కాగితం మీద రెండు చేతులే గానీ లోపల నాలుగు గొంతులున్నాయి. రాగం ఒక గొంతులో మొదలై ఇంకోదానిలో బదులు పలుకుతుంది. పట్టుకుని ఉన్న స్వరాలు వదలకుండా అదే చేత్తో వేరేవి వాయించాలి. కొన్నిచోట్ల ఆక్టేవ్ దాటి చాపాలి, మీ చేతికి అవి విరిచి (స్వరాలు ఒకదాని వెనక ఒకటిగా) వాయించాల్సినవే. ఓ ఏడాది తరవాత చూసుకోండి.

ఇక మిగిలింది ఇ మైనర్ ప్రెల్యూడ్, ఓపస్ 28 నం. 4. నా ఓటు దీనికే, అయితే వీడియోలవాళ్ళు చెప్పే కారణానికి కాదు. నోట్లు తక్కువని వాళ్ళు సులువంటారు. మీకు పనికొస్తుందనేది అందుకు కాదు. మీ ఎడమచేతికి కార్డ్ పట్టుకోవడం ముందే వచ్చు, ఇక్కడ దాదాపు అంతా కార్డ్‌లే. ఆ కార్డ్ పట్టుకోవడం దగ్గర మొదలై, ప్రతి స్వరాన్నీ విడిగా వినడం దాకా ఈ 25 బార్లు మిమ్మల్ని తీసుకెళ్తాయి.

ఎలాగో చూడండి. మొదటి బార్‌లో ఎడమచెయ్యి జి, బి, ఇ. ఆ బార్‌లో ఎనిమిదిసార్లు అదే కార్డ్. కీబోర్డు అలవాటు ప్రకారం కార్డ్ మారగానే చెయ్యంతా ఎత్తి కొత్త ఆకారం వెతుక్కుంటారు. ఇక్కడ అలా చేయకూడదు. కింది స్వరం జి నుంచి రెండో బార్‌లో ఎఫ్ షార్ప్‌కి, మూడో బార్‌లో ఎఫ్ నాచురల్‌కి, నాలుగో బార్‌లో ఇ స్వరానికి అరమెట్టు, అరమెట్టుగా (పక్కపక్క కీల దూరం) దిగుతుంది. మధ్య స్వరమూ పై స్వరమూ కూడా దిగుతాయి గానీ అన్నీ ఒకేసారి కాదు. ఒకటో రెండో కదిలినప్పుడు మిగతావి నిలబడతాయి. చిటికెన వేలు నల్ల మెట్టు (కీ) మీంచి తెల్ల మెట్టు మీదికి జారుతుంటే బొటనవేలు ఉన్నచోటే ఉండాలి. 5-2-1 ఫింగరింగ్ (చిటికెన, చూపుడు, బొటన వేళ్ళు) చాలాచోట్ల సరిపోతుంది.

కాబట్టి ఎనిమిదేసిసార్లు కొట్టడం తరవాత. ముందు ఎడమచేతితో కార్డ్ ఒక్కసారి నొక్కి పట్టుకోండి. స్వరం మారేచోట కదలాల్సిన వేళ్ళే ఎత్తి కొత్త మెట్లు నొక్కండి, మిగతా వేళ్ళు మెట్లు వదలకూడదు. ఇలా మొదటి 12 బార్లు కుదిరాయంటే సగం పీస్ చేతిలోకి వచ్చినట్టే. 13వ బార్‌లో మొదలు మళ్ళీ వస్తుంది, కానీ దారి మారుతుంది. "అదే కదా" అనుకుని వెళ్ళి 14, 15 దగ్గర పడిపోయేవాళ్ళు ఎక్కువ. ఆ బార్లు విడిగా చూసుకోవాలి.

తీగలు:

ఎడమవాటం గారు మిగతా మూడింటి గురించి చెప్పినవి ఒప్పుకుంటాను, ప్రెల్యూడ్ దగ్గరే నాకు పేచీ.

మెత్తగా, ఒకే బరువుతో, వరసగా ఒకే కార్డ్ మోగించడం చాలా కష్టమైన పని. మెట్టు పూర్తిగా పైకి రాకముందే మళ్ళీ నొక్కాలి. గ్రాండ్ పియానోలో దానికోసమే డబుల్ ఎస్కేప్‌మెంట్ ఉంది, 1821లో పియానో తయారీదారు ఎరార్ పేటెంట్ తీసుకున్నది. అప్‌రైట్‌లో మెట్టు ఎక్కువ దూరం పైకి రావాలి. డిజిటల్‌లో మూడు సెన్సర్ల కీబెడ్ అయితే సగంలోంచి మళ్ళీ మోగుతుంది, రెండు సెన్సర్లదైతే ఒక్కోసారి స్వరం అసలు పలకదు. పలకట్లేదని నేర్చుకునేవాళ్ళు బలం పెంచుతారు, ఎడమచెయ్యి మోత అవుతుంది, కుడిచెయ్యి దానిమీద అరవాల్సొస్తుంది. షోపాన్ ఈ పీస్‌లో ఫోర్టె (గట్టిగా) అని ఒక్కచోటే రాశాడు. వినిపించేది చాలాసార్లు మొదటినుంచీ ఫోర్టె.

పైగా కుడిచేతిలో పెద్దగా ఏమీ లేదు. బి, సి, మళ్ళీ బి. దాన్ని నిలబెట్టడం రొమాంటిక్ శైలిలో కొంత నలిగినవాళ్ళకే కుదురుతుంది.

నా వరస ఇది. మొదట చైకోవ్‌స్కీ "ఆల్బమ్ ఫర్ ద యంగ్" ఓపస్ 39లోంచి "ఓల్డ్ ఫ్రెంచ్ సాంగ్". 1878లో రాసిన 24 చిన్న పీసుల్లో ఇదొకటి. జి మైనర్, చిన్న రాగం, చెయ్యి ఎక్కడా సాగదీయక్కర్లేదు. మధ్యభాగంలో ఎడమచెయ్యి స్టకాటోలోకి (స్వరాలు తుంచి వాయించడం) మారుతుంది, పెడల్ (స్వరం మోగుతూనే ఉండేలా పాదంతో నొక్కేది) లేకుండానే వాయించొచ్చు. పిల్లల పీస్ కదా అని చిన్నచూపు చూడకండి, లెగాటో (స్వరాలు తెగకుండా వాయించడం) రాకపోతే ఇందులో మొదటి నాలుగు బార్లలోనే బయటపడుతుంది.

అది అయ్యాక షూమన్ "కిండర్‌స్త్సేనెన్" ఓపస్ 15లో మొదటిది, "పరాయి దేశాలూ మనుషులూ" అని అర్థం వచ్చే జర్మన్ పేరుతో ఉంటుంది. 1838 నాటిది. జి మేజర్, 22 బార్లు. ఈ పుస్తకంలోదే మీ ట్రాయ్‌మెరాయ్ కూడా, ఏడో పీస్. మొదటిది వస్తే ఏడోదానికి దారి తెలుస్తుంది.

ఇందులో మూడు పొరలు. పైన రాగం, కింద బాస్, మధ్యలో ట్రిప్లెట్లు (ఒక బీట్‌లో సమానంగా మూడు స్వరాలు). ఆ ట్రిప్లెట్లని రెండు చేతులూ వంతులేసుకుని వాయిస్తాయి. అతుకు వినపడకూడదు. చేయాల్సింది ఏమిటంటే, ముందు ఒక్కో బీట్‌లోని స్వరాలన్నీ కలిపి ఒకే కార్డ్‌గా నొక్కుకుంటూ పీస్ అంతా వెళ్ళండి. చేతి ఆకారాలు గుర్తుంటాయి. తరవాత రాగమూ బాసూ మాత్రమే. తరవాత ట్రిప్లెట్లు మాత్రమే, రెండు చేతులతో, ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి. ఎక్కడ చెయ్యి మారిందో చెవికి తెలిస్తే ఇంకా కాలేదన్నమాట. దాదాపు ఎప్పుడూ తప్పు చేసేది బొటనవేలే, అది బరువైన వేలు కాబట్టి దాని వంతు వచ్చినప్పుడల్లా స్వరం పొడుచుకొస్తుంది.

ఇంకొక చిక్కు ఉంది. రాగంలో డాటెడ్ ఎయిత్ (ముప్పావు బీట్), దానివెనక సిక్స్‌టీన్త్ (పావు బీట్) వస్తాయి, కింద ట్రిప్లెట్లు నడుస్తూనే ఉంటాయి. ట్రిప్లెట్‌లో మూడో స్వరం బీట్‌లో మూడింట రెండొంతుల దగ్గర పడుతుంది, సిక్స్‌టీన్త్ ముప్పావు దగ్గర పడుతుంది. అంటే చిన్న స్వరం ట్రిప్లెట్ మూడోదాని తరవాత, వెంట్రుకవాసిలో రావాలి. రెండూ కలిపి వాయించేవాళ్ళూ ఉన్నారు, దానిమీద వాదన పాతదే. నాకు విడిగా రావడమే నచ్చుతుంది, కలిపితే రాగం ట్రిప్లెట్‌లో మునిగిపోతుంది. ఏదో ఒకటి తేల్చుకోండి గానీ, ఒక బార్‌లో అలా, ఇంకో బార్‌లో ఇలా మాత్రం వద్దు.

14వ బార్ చివర ఫెర్మాటా (ఆగమనే గుర్తు) ఉంది. అక్కడ ఆగి, తిరిగి మొదటి రాగంలోకి వచ్చేటప్పుడు టెంపో మళ్ళీ అందుకోవడం రికార్డ్ చేసుకుని చూడండి. సగంమంది నెమ్మదించిన టెంపోలోనే ఉండిపోతారు.

నల్లతీగ:

రెండూ మంచివే. గ్రీగ్‌ని ఎవరూ తలవలేదేం? "లిరిక్ పీసెస్" మొదటి పుస్తకం ఓపస్ 12, అందులో మొదటిది "ఆరియెట్టా". 1867లో అచ్చయింది. ఇ ఫ్లాట్ మేజర్, 23 బార్లు, మధ్యపొరలో సిక్స్‌టీన్త్‌లు రెండు చేతులకీ పంచిన పద్ధతి షూమన్‌దిలాగే ఉంటుంది గానీ ట్రిప్లెట్ గొడవ లేదు. కాబట్టి లయ సులువు, ఫ్లాట్‌లు మూడు. ఎక్కువమంది బాస్ క్లెఫ్‌లో ఏ ఫ్లాట్ (A♭) మర్చిపోతారు, ఆ ఒక్కదానికీ పెన్సిల్‌తో గీత పెట్టుకోండి.

కష్టం కుడిచేతిలో ఉంటుంది. రాగం 4, 5 వేళ్ళమీద, అదే చేతి బొటనవేలూ రెండో వేలూ మధ్యపొర వాయించాలి. బలహీనమైన వేళ్ళు గట్టిగా, బలమైనవి మెత్తగా. దీనికి అభ్యాసం ఒకటే: పై రాగాన్ని లెగాటోగా, కావాలని పెద్దగా వాయిస్తూ లోపలి స్వరాలని స్టకాటోలో, మెట్టుని తాకీ తాకనట్టు వాయించడం. చేతిని కొంచెం చిటికెన వేలి వైపు వాల్చండి, మణికట్టు బిగించకండి. నాలుగేసి బార్లు చాలు ఒక పూటకి. అంతకంటే ఎక్కువైతే ముంజేయి పట్టేస్తుంది, పట్టేసిన చేత్తో నేర్చుకున్నది మర్నాడు అదే బిగుతుతో తిరిగొస్తుంది.

షోపాన్ ఏ (A) మైనర్ వాల్ట్జ్ గురించి కూడా అడుగుతారేమో, ఆయన చనిపోయాక అచ్చయినది. ఎడమచెయ్యి బాస్, కార్డ్, కార్డ్. దూకుళ్ళు ఓపస్ 9 నం. 2 కంటే చాలా తక్కువ, అయినా దూకుళ్ళే. కుడిచేతిలో పైకెళ్ళే ఇ మేజర్ ఆర్పెజియో (కార్డ్ స్వరాలు ఒక్కొక్కటిగా) దగ్గర అందరూ ఆగుతారు. మూడో పీస్‌గా పెట్టుకోండి.

ఎడమవాటం:

తీగలు గారి పేచీ సబబే, సెన్సర్ల సంగతి నేను చెప్పి ఉండాల్సింది. ఇక్కడ తేడా అంతా చెయ్యి ఎక్కణ్ణుంచి వస్తోందన్నదాన్ని బట్టే. అకౌస్టిక్ పియానో మీద చిన్నప్పట్నుంచీ నేర్చుకున్న విద్యార్థి అయితే నేనూ షూమన్ ఓపస్ 15 నం. 1 ముందంటాను. ఆటో అకంపనిమెంట్ మీద నేర్చుకున్నవాళ్ళకి ఒకే చేతిలో రెండు పొరలన్నది పూర్తిగా కొత్త. కార్డ్ ఒక్కటే తెలిసిన చేతిని కార్డ్ లోంచే బయటికి తేవాలని నా ఉద్దేశం.

హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ కీబోర్డు గ్రేడ్లు చేసి పియానోకి మారుతున్నవాళ్ళు ఇప్పుడు చాలామంది. అందరిదీ ఇదే ఇబ్బంది, కుడిచెయ్యి నాలుగో గ్రేడ్, ఎడమచెయ్యి మొదటి గ్రేడ్. పీస్ ఎంచుకునేటప్పుడు ఆ రెండో అంకె చూడాలి.

కొత్తమెట్లు:

అందరికీ థాంక్స్ అండీ. ప్రెల్యూడ్ ఎడమచెయ్యి ఎడమవాటం గారు చెప్పినట్టు పట్టుకుని మొదలుపెట్టాను, మొదటి పేజీ వేళ్ళకి వచ్చింది. కానీ ఎనిమిదేసిసార్లు కొట్టడం మొదలవగానే తీగలు గారు చెప్పిందే జరుగుతోంది, ఎడమచెయ్యి రాగాన్ని మింగేస్తోంది. పెడల్ వేస్తే అన్నీ కలిసి ముద్దవుతున్నాయి, వేయకపోతే టకటకమంటోంది. పెడల్ పియానోతోపాటు వచ్చిన చిన్న ప్లాస్టిక్‌దే, నేలమీద జారిపోతోంది కూడా. టెంపో ఎంత పెట్టుకోవాలి?

ఎడమవాటం:

వరసగా.

వాల్యూమ్ నాబ్ ఎక్కడ పెట్టారో చూడండి. ఇంట్లోవాళ్ళకోసం బాగా తగ్గించి పెడితే మెత్తటి స్వరాలు వినపడవు, తెలియకుండానే గట్టిగా కొడతారు. గదిలో అకౌస్టిక్ పియానో ఉంటే ఎంత మోగుతుందో దాదాపు అంత పెట్టండి, లేదా హెడ్‌ఫోన్ పెట్టుకోండి. టచ్ సెట్టింగ్ మీడియంలోనే ఉండనివ్వండి.

కార్డ్‌లకి: మూడు వేళ్ళూ మెట్లమీదే ఆనించి ఉంచండి, మెట్టు సగం పైకి రాగానే తిరిగి కిందికి. వేలు మెట్టు వదిలి గాల్లోకి లేస్తే శబ్దం వస్తుంది. ఆ టకటక అదే. మీ పియానోలో ఎంత ఎత్తులోంచి మళ్ళీ పలుకుతుందో ఒక్క స్వరంమీద పరీక్షించుకోండి, అది తెలిస్తే చెయ్యి దానంతటదే ఆ లోతుకి అలవాటు పడుతుంది. లెక్క మార్చండి. పీస్ కట్ టైమ్‌లో ఉంది, బార్‌కి రెండే పెద్ద బీట్లు. "ఒకటి, రెండు" అని లెక్కపెడితే నాలుగేసి కార్డ్‌లు ఒక ఊపులో పోతాయి. ఎనిమిదీ విడివిడిగా లెక్కపెడితే ఎనిమిది దెబ్బలే వస్తాయి.

రాగానికి: బి మూడు క్వార్టర్ల (ఒక్కోటి బార్‌లో నాలుగోవంతు) పొడుగు. పియానో స్వరం నొక్కిన క్షణంనుంచీ తగ్గుతూనే ఉంటుంది. తరవాత వచ్చే సిని, మొదట బిని ఎంత బరువుతో కొట్టారో అంతే బరువుతో కొడితే అది పొడుచుకొస్తుంది. బి తగ్గి తగ్గి ఎక్కడికి వచ్చిందో ఆ స్థాయిలో సి రావాలి. అంటే సి కొట్టేముందు బిని వినాలి. మన చెవి రాగానికి బాగా అలవాటు పడ్డది కాబట్టి సి నుంచి బికి దిగడం ఎవరూ చెప్పకుండానే వస్తుంది, ఆ ముందు ఎదురుచూడడమే రాదు.

టెంపో: 25 బార్లు, బార్‌కి నాలుగు క్వార్టర్లు, అంటే సుమారు 100 క్వార్టర్లు. రికార్డింగులు చాలావరకు రెండు నిమిషాల అటూఇటూగా ఉంటాయి. అంటే నిమిషానికి 50 క్వార్టర్ల దగ్గర. నేర్చుకునేటప్పుడు 44 దగ్గర పెట్టుకోవచ్చు, అంతకంటే నెమ్మదైతే బి పూర్తిగా ఆరిపోయి రాగం తెగుతుంది. ఇందులో మరీ నెమ్మదిగా అభ్యాసం చేయడం ఎడమచేతికే పనికొస్తుంది.

రుబాటో (లయని కొంచెం సాగదీస్తూ, కుదిస్తూ వాయించడం) ఇప్పుడే వద్దు. షోపాన్ శిష్యులు రాసిపెట్టినదాని ప్రకారం ఆయన ఎడమచెయ్యి లయ తప్పకూడదనేవాడు, కుడిచెయ్యి దానిమీద కొంచెం ముందూవెనకా అవ్వొచ్చు. కచేరీలో తాళం వేసే చెయ్యి గాయకుడి సంగతులకి ఆగదు కదా, అలా. రెండు చేతులూ కలిసి నెమ్మదిస్తే అది రుబాటో కాదు, తడబాటు.

నల్లతీగ:

పెడల్ సంగతి నేను చెబుతాను.

పాదం కార్డ్‌తోపాటు కిందికి వెళ్తోందన్నమాట, అందుకే ముద్ద. కొత్త కార్డ్ మోగిన క్షణంలో పాదం పైకి రావాలి, మోగాక కిందికి వెళ్ళాలి. చెయ్యి దిగేటప్పుడు పాదం లేస్తుంది. దీన్ని ప్రెల్యూడ్‌మీద కాకుండా ముందు ఒక్క వేలితో సి స్కేల్‌మీద చేయండి. ఒకే వేలితో సి, డి, ఇ, ఎఫ్ వాయిస్తూ, మధ్యలో ఖాళీ రాకుండా, రెండు స్వరాలు కలవకుండా. నాలుగు లెక్కకి ఒక స్వరం. అది కుదిరాక ప్రెల్యూడ్ ఎడమచెయ్యి ఒక్కటే, పట్టుకున్న కార్డ్‌లతో, స్వరం మారిన ప్రతిచోటా పెడల్ మార్చుకుంటూ. ఎనిమిదింటికీ మార్చక్కర్లేదు. కుడిచెయ్యి బి నుంచి సికి వెళ్ళినప్పుడు మాత్రం మార్చండి, లేకపోతే రెండూ అరమెట్టు దూరంలో గుద్దుకుంటాయి.

డబ్బాతో వచ్చే చిన్న ప్లాస్టిక్ పెడల్ ఉత్త స్విచ్. ఉందా, లేదా, అంతే. సగం నొక్కితే సగం మోగడం (హాఫ్ పెడల్) దానివల్ల కాదు. ఈ పీస్‌కి హాఫ్ పెడల్ లేకపోయినా నడుస్తుంది, కానీ గ్రానైట్ నేలమీద పెడల్ జారుతుంటే పాదం దాన్ని వెతుక్కుంటూ ఉంటుంది. రబ్బరు చాప ముక్క కింద వేయండి, లేదా వెనక గోడకి ఆనేలా చెక్కముక్క పెట్టండి. కొత్తది కొంటే పియానో పెడల్ ఆకారంలో ఉండే లోహపుది, మీ మోడల్ హాఫ్ పెడల్‌కి పనికొస్తుందా లేదా అన్నది మాన్యువల్‌లో చూసి కొనండి. వేరే కంపెనీది పెడితే ఒక్కోసారి తిరగబడి పనిచేస్తుంది, నొక్కితే ఆగుతుంది, వదిలితే మోగుతుంది. పెడల్ మీద స్విచ్ ఉంటే మార్చండి. లేకపోతే పియానో ఆపి, పెడల్ ప్లగ్ చేసి, పాదం తీసేసి ఆన్ చేయండి, చాలా మోడళ్ళు ఆన్ అయ్యేటప్పుడే దిక్కు కనిపెడతాయి.

తీగలు:

నేను ఓడిపోయానని ఒప్పుకోను గానీ, మొదలుపెట్టేశారు కాబట్టి ఆ పీస్‌లోనే పడిపోయేచోటు చెబుతాను. 16, 17 బార్లు. అక్కడ "స్ట్రెట్టో" అని ఉంది, అంటే ముందుకి తోయాలి. మొత్తంలో ఉన్న ఒక్క ఫోర్టె కూడా అక్కడే, దానికి ముందు కుడిచేతిలో ఒక టర్న్ (స్వరం చుట్టూ తిరిగే అలంకారం). మూడూ ఒకచోట పడడంతో చేయి బిగుస్తుంది. ముందు టర్న్ తీసేసి వాయించండి, ఎడమచేతి లయ నిలబడేదాకా. తరవాత టర్న్‌ని ఏయే కార్డ్‌ల మధ్య వాయించాలో పెన్సిల్‌తో గీతలు గీసుకోండి, ఊహకి వదిలేస్తే రోజుకో తీరుగా వస్తుంది. స్ట్రెట్టో 16లో మొదలై 18 వచ్చేసరికి తిరిగి సర్దుకోవాలి. ఎక్కడ టెంపో వెనక్కి వస్తుందో ముందే తేల్చుకోకపోతే చివరిదాకా పరుగే. ఫోర్టె కుడిచేతికి, ఎడమచెయ్యి మెజ్జో ఫోర్టె (ఓ మోస్తరు గట్టి) దాటకపోతేనే అది ఫోర్టెలా వినిపిస్తుంది.

ఇంకో సంగతి, మీరు అరేంజ్‌మెంట్ వద్దన్నారు. బ్రామ్స్ ఓపస్ 39 వాల్ట్జ్‌లు నాలుగు చేతులకి రాసి, తరవాత రెండు చేతులకి రాసి, మళ్ళీ తనే సులువైన వెర్షన్ కూడా రాశాడు. 15వది మామూలు రెండు చేతుల వెర్షన్‌లో ఏ ఫ్లాట్ (A♭) మేజర్‌లో ఉంటే, సులువైన దాంట్లో ఏ (A) మేజర్‌లో ఉంటుంది. స్వరకర్త చేసినదే కాబట్టి మీ నియమానికి అడ్డం రాదు. ఇది ఎప్పుడైనా తరవాతకి.

కొత్తమెట్లు:

టర్న్ తీసేసి వాయిస్తాను. స్కోరు ఎక్కడిది తీసుకోవాలి? ఫ్రీగా దొరికినవాటిలో ఫింగరింగ్ ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంది. చివరి మూడు కార్డ్‌లు కూడా పెద్దవిగా ఉన్నాయి.

ఎడమవాటం:

ఐఎంఎస్ఎల్‌పీలో (ఫ్రీ స్కోర్ల వెబ్‌సైటు) ఓపస్ 28 పేజీకి వెళ్తే పది రకాలు ఉంటాయి. షోపాన్ శిష్యుడు మికూలీ సరిచూసిన ఎడిషన్ ఒకటి, తొలి ముద్రణల స్కాన్లు ఒకటో రెండో దించుకోండి. తొలి ముద్రణలో వేళ్ళ అంకెలు దాదాపు ఉండవు, స్వరాలు చూసుకోవడానికి అది. అంకెలకి మికూలీ. రెండిటికీ పొంతన లేని చోట మీ చేతికి నప్పిందే పెట్టుకోండి, కానీ కాగితంమీద రాసి పెట్టుకోండి. "ఈజీ వెర్షన్" అని ఉన్నవాటిలో మధ్య స్వరం పీకేసి రెండు స్వరాల కార్డ్‌లు చేస్తారు, ఈ పీస్‌లో అసలు ఆసక్తంతా ఆ మధ్య స్వరం ఎప్పుడు దిగుతుందన్నదాంట్లోనే ఉంది.

చివరి మూడు కార్డ్‌లకి ముందు 23వ బార్‌లో ఫెర్మాటా ఉంది. అక్కడ పెడల్ పూర్తిగా వదిలి, చేతులు తీసి, కింది స్థానాలకి తీరిగ్గా మార్చుకోండి. అదంతా మీ టైమే. ఆ కార్డ్‌లు పియానిస్సిమో (చాలా మెత్తగా), అంచున అందే చెయ్యి అయితే బిగపట్టి ఒకేసారి పట్టుకోవాలని చూడకండి. అందనిదాన్ని కిందినుంచి పైకి వేగంగా విరిచి, పెడల్‌తో పట్టేయండి. విరిచేటప్పుడు పై స్వరం బీట్‌మీద పడేలా చూసుకోండి, కింది స్వరం దానికి కొంచెం ముందు. చివరి కార్డ్ మోగాక పాదం, చేతులు రెండూ ఒకేసారి లేపాలి. పాదం ముందు లేస్తే చిటికెన వేలు వదిలేసిన బాస్ పోయి పై స్వరాలే మిగులుతాయి.

ఎడమచెయ్యి 14, 15 బార్లు కుదిరాక రికార్డింగ్ ఇక్కడ పెట్టండి, ఏ స్వరం మోగట్లేదో విని చెబుతాం.